తప్పొప్పుల పట్టిక

సూర్యారావుపేటలో మా ఆసుపత్రి, రెండో అంతస్తు,
పన్నెండో నంబరు మంచం.
పోతిన వీరభద్రం, ఎనభై నాలుగు.
తెల్లవారుజామున బాత్రూములో జారి
కుడి తుంటి విరగ్గొట్టుకుని వచ్చాడు.
నలభై రెండేళ్ళు గవర్నర్‌పేట ప్రెస్సులో
సీసం అక్షరాలు ఏరిన చెయ్యి
సూదికి నరం దొరకనివ్వలేదు.

డాక్టరుగారు కూతుర్ని పక్కకు పిలిచి చెప్పారు:
ఆపరేషన్ చెయ్యకపోతే ఇక మంచమే.
చేసినా, ఈ వయసులో,
నలుగురిలో ఒకరు ఏడాది తిరిగేదాకా ఉండరు.
నాగరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది.
పెద్దాయన అంగీకార పత్రం తెమ్మన్నాడు,
కళ్ళజోడు తెమ్మన్నాడు,
పైనుంచి కిందికి అక్షరం అక్షరం మీదా వేలు నడిపించాడు.
"చికిస్త కాదమ్మా, చికిత్స.
త కింద స. స కింద త కాదు."
నా పెన్ను లాక్కుని మార్జిన్లో దిద్ది
అప్పుడు పెట్టాడు సంతకం.
ప్రాణాపాయం ఉండవచ్చునన్న వాక్యం జోలికి పోలేదు.
అందులో తప్పుల్లేవట.

రాడ్డు వేశారు. గంటంబావు. రెండు సీసాల రక్తం.
ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి
డాక్టరుగారు చిన్నగా ఈల వేశారు.

రెండో రాత్రి మొదలైంది.
కూతుర్ని ఎవరమ్మా నువ్వు అన్నాడు.
సెలైన్ పీకాడు.
కృష్ణ వంతెన మీద గూడ్సు పోతుంటే
మిషన్ ఆపండ్రా, ప్రూఫు ఇంకా చూళ్ళేదని అరిచాడు.
కుడిచెయ్యి గాల్లోకి లేచి ఏదో గిల్లడం,
తెచ్చి ఎడం అరచేతిలో పెట్టడం,
గిల్లడం, పెట్టడం,
తెల్లారేదాకా.
పెద్దవయసులో ఆపరేషన్ తర్వాత ఇలా అవుతుంది,
మూడు రోజుల్లో సర్దుకుంటుందని
అందరికీ చెప్పే మాటే చెప్పి
గాజుగుడ్డతో ఆ రెండు చేతులూ
మంచం పట్టీకి కట్టేశాను.

పొద్దున్నే ఫ్లాస్కుతో వచ్చాడు రహమతుల్లా,
అదే ప్రెస్సులో ట్రెడిల్ తొక్కిన మనిషి.
కట్లు చూసి కాసేపు మాట్లాడలేదు.
"విప్పండి సిస్టర్. పిచ్చి కాదది, పని."
విప్పాను.
చెయ్యి మళ్ళీ లేచింది.
"అదిగో, పై గడి. క.
ఇప్పుడు కింది వరస, ఒత్తుల గళ్ళు.
ఎడం చేతిలో స్టిక్కు. చూశారా,
లైను నిండగానే బొటనవేలితో అదుముతున్నాడు."
ఏం కంపోజ్ చేస్తున్నాడని అడిగాను.
"పెళ్ళి కార్డో, దినం కార్డో.
తేదీ దగ్గర ఆగాడు.
పార్టీ వచ్చి చెప్పేదాకా
అక్కడ ఖాళీ దిమ్మలు పెట్టేవాడు."

మూడు రోజులు కాదు, తొమ్మిది పట్టింది.

మూడు నెలలకి రివ్యూ.
ఆటో దగ్గర్నుంచి వాకర్ మీద తనే నడిచొచ్చాడు.
ఎముక అతికింది. కాలు పొట్టి కాలేదు.
ఫలితం అన్న గడిలో డాక్టరుగారు
తృప్తికరం అని రాశారు. నిజమే రాశారు.
మంచాన పడాల్సిన మనిషి
వన్‌టౌన్ సందు చివరి కొట్టుదాకా వెళ్ళి
వక్కపొడి కొనుక్కుంటున్నాడట.

కార్డు ఆయన చేతికి నేనే ఇచ్చాను.
ఇవ్వక్కర్లేదు, నాగరత్నానికి ఇవ్వొచ్చు.
మళ్ళీ చికిస్తకు రావలసిన తేదీ అని
మొదటి పంక్తిలోనే ఉంది అచ్చు.
కళ్ళజోడు సర్దుకుని వేలు పెట్టి చదివాడు.
ఆ మాట మీద వేలు ఆగింది.
నా ఊపిరీ ఆగింది.
వేలు దాటిపోయింది.
"బాగా వచ్చిందమ్మా ఇంప్రెషన్" అన్నాడు.

లిఫ్టుదాకా వాకర్ చప్పుడు:
టక్కు, కాలు, టక్కు, కాలు.
వెనకే ఫ్లాస్కు పట్టుకుని వెళ్తూ రహమతుల్లా
నా వైపు చూడలేదు.

ఫలితం గడి పక్కన ఇంకో గడి లేదు.
ఉన్నా ఏం రాయాలో నాకు తెలీదు.
అంగీకార పత్రాల కొత్త కట్ట వచ్చినప్పుడల్లా
రాత్రి డ్యూటీలో టేబుల్ లైటు కింద కూర్చుని
ఒక్కొక్క కాగితంలో
త కింద స పెడుతున్నాను.